సీసాలో టర్కీ: మాంసం, ఎముకల రసం నిల్వ చేసే పద్ధతి

టర్కీ కోడి ఒక పూటతో అయిపోయే పక్షి కాదు. అమెరికాలో నవంబరు నాలుగో గురువారం, థాంక్స్‌గివింగ్ పండుగనాడు, ఓవెన్‌లోంచి దిగే టర్కీ ఐదారు కిలోల నుంచి తొమ్మిది కిలోల దాకా తూగుతుంది. పదిమంది కూర్చుని తిన్నా రొమ్ము మాంసం కొంత, తొడలు కొంత, ఎముకల గూడు మొత్తం మిగిలిపోతాయి. పెరట్లో టర్కీలను పెంచుకునే కుటుంబాలకైతే చలికాలం మొదట్లో నాలుగైదు పక్షులు ఒకేసారి కోతకు వస్తాయి. వండిన మాంసం ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులే ఉంటుంది. ఫ్రీజర్‌లో నెలల తరబడి ఉంటుంది కానీ, మంచు తుఫానుకు కరెంటు పోయి రెండు మూడు రోజులు రాకపోతే నిల్వంతా నీరుకారిపోతుంది. అందుకే అక్కడి పల్లె ఇళ్లలో మూడో దారి ఒకటి చాలాకాలంగా ఉంది. మాంసాన్ని, ఎముకల రసాన్ని గాజు సీసాల్లో నింపి, మూత బిగించి, అలమరలో పెట్టుకోవడం. దీన్నే క్యానింగ్ అంటారు.

పేరులో క్యాన్ ఉన్నా, ఇంట్లో వాడేది రేకు డబ్బా కాదు, గాజు సీసా. ఆహారాన్ని సీసాలో నింపి, మూత పెట్టి, సీసాతో సహా కాస్తారు. ఆ వేడికి రెండు పనులు జరుగుతాయి. లోపలున్న సూక్ష్మజీవులు చనిపోతాయి. సీసాలోని గాలి బయటికి పోతుంది. సీసా చల్లారేటప్పుడు లోపల శూన్యం ఏర్పడి, మూత లోపలికి లాక్కుపోయి అతుక్కుంటుంది. ఇక బయటి క్రిమి లోపలికి పోలేదు. లోపలిది ఎప్పుడో చచ్చిపోయింది. మాంసం పాడుకాకుండా నిలవడానికి ఇదే కారణం. ఇందులో ఉప్పుకు గానీ, నూనెకు గానీ, కారానికి గానీ పాత్ర లేదు.

ఈ విద్యకు పుట్టినిల్లు ఫ్రాన్సు. నికొలా అపెర్ అనే మిఠాయిల తయారీదారు సీసాల్లో ఆహారం నింపి, బిరడా బిగించి, నీళ్లలో మరిగించి నిల్వ చేసే పద్ధతి కనిపెట్టాడు. ఫ్రెంచి ప్రభుత్వం అతనికి 12,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. 1810లో అతను తన పద్ధతిని పుస్తకంగా అచ్చువేశాడు. ఆహారం ఎందుకు చెడిపోతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. సూక్ష్మజీవులే అందుకు కారణమని లూయీ పాశ్చర్ నిరూపించడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది. 1858లో జాన్ మేసన్ అనే అమెరికన్, మెడకు మరలు ఉన్న గాజు సీసాకు పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ ఆ సీసాలను మేసన్ జార్లనే పిలుస్తారు. కూరగాయలు, మాంసం వంటి పులుపు లేని ఆహారాలకు పీడనంతో చేసే క్యానింగ్ ఒక్కటే క్షేమమని 1917లో అమెరికా వ్యవసాయ శాఖ తేల్చింది. ఆ మాట ఈ రోజుకూ మారలేదు.

మారకపోవడానికి కారణం ఒక బాక్టీరియా. దాని పేరు క్లాస్ట్రిడియం బొట్యులినం. 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎల్జెల్ అనే పల్లెలో, ఒక అంత్యక్రియల్లో వాయించడానికి వచ్చిన వాద్యబృందం ఉప్పులో ఊరిన పంది తొడ మాంసం తిని జబ్బుపడింది. ముగ్గురు చనిపోయారు. ఎమీల్ వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త ఆ మాంసంలోంచే ఈ బాక్టీరియాను వేరుచేసి చూపించాడు. ఇది మట్టిలో అంతటా ఉంటుంది. మట్టిలో ఉన్నంతసేపు దానివల్ల హాని లేదు. గాలి ఆడని చోటు, తడి, పులుపు లేకపోవడం, గది వేడి, ఈ నాలుగూ ఒకచోట దొరికితే మాత్రం అది మేలుకొని పెరుగుతుంది. పెరుగుతూ మనిషికి తెలిసిన అతి ఘోరమైన విషాల్లో ఒకదాన్ని వదులుతుంది. మూత బిగించిన మాంసపు సీసాలో ఆ నాలుగూ సమకూరి ఉంటాయి.

మామూలు స్థితిలో ఈ బాక్టీరియా మరిగే నీటికి చచ్చిపోతుంది. అయితే కష్టకాలంలో అది తన చుట్టూ గట్టి కవచం కట్టుకుని సిద్ధబీజంగా మారుతుంది. ఎండు విత్తనం నేలలో పడి వానకోసం ఎదురుచూసినట్టు, సిద్ధబీజం అనువైన చోటుకోసం ఏళ్ల తరబడి ఎదురుచూడగలదు. ఈ సిద్ధబీజాలు నూరు డిగ్రీల సెల్సియస్‌లో గంటల తరబడి మరిగించినా బతకగలవు. అవి ఎంత వేడికి ఎంతసేపట్లో చస్తాయో అమెరికన్ శాస్త్రవేత్తలు ఎస్టీ, మేయర్ 1922లో లెక్కకట్టారు. ఆ లెక్కల మీదే క్యానింగ్ పరిశ్రమ నిలబడింది. ఇంటి క్యానింగ్‌కు కావలసిన వేడి దాదాపు 116 డిగ్రీల సెల్సియస్. ఆ వేడి సీసా నడిబొడ్డున ఉన్న ముక్కకు కూడా అందాలి, అంది కొంతసేపు నిలవాలి.

తెరిచిన గిన్నెలో నీళ్లు ఎంత మంట పెట్టినా నూరు డిగ్రీలు దాటవు. ఆవిరిని మూసిపెట్టి పీడనం పెంచితేనే వేడి పెరుగుతుంది. పప్పు ఉడకడానికి కుక్కర్ పెట్టే ప్రతి ఇంటికీ తెలిసిన సూత్రమే ఇది. సముద్రమట్టం దగ్గర చదరపు అంగుళానికి 10 పౌండ్ల పీడనం వద్ద వేడి 116 డిగ్రీలకు చేరుతుంది. 15 పౌండ్ల వద్ద 121 డిగ్రీలవుతుంది. ఊరు ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి, అదే పీడనానికి వేడి తగ్గుతుంది. సముద్రానికి సుమారు మైలు ఎత్తున ఉన్న డెన్వర్ నగరంలో నీరు దాదాపు 95 డిగ్రీలకే మరుగుతుంది. కాబట్టి ఎత్తయిన ఊళ్లలో పీడనం పెంచుకోవాలి.

ఇక్కడ ఆవకాయ గుర్తుకు రావడం సహజం. జాడీలో ఏడాదిపాటు నిలిచే ఆవకాయను ఎవరూ 116 డిగ్రీల్లో కాయరు. దాన్ని కాపాడేది మామిడి పులుపు, ఎక్కువ మోతాదులో పడే ఉప్పు. ఆమ్లతను కొలిచే పీహెచ్ 4.6 గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉన్న పుల్లటి ఆహారంలో బొట్యులినం పెరగదు. టర్కీ మాంసం పీహెచ్ ఆరు చుట్టుపక్కల ఉంటుంది. దానికి పులుపు కాపలా లేదు. సీసాకు ఒక చెంచా చొప్పున వేసే ఉప్పు రుచికి మాత్రమే, నిల్వకు కాదు. పైన నూనె పోస్తే గాలి ఆడదని కొందరు అనుకుంటారు. గాలి ఆడకపోవడమే ఈ బాక్టీరియాకు కావలసింది. కాబట్టి పచ్చడి పెట్టే అనుభవం ఈ పనికి ఆధారం కాదు.

ఇక సామాను సంగతి. మొదటిది ప్రెషర్ క్యానర్. చూడటానికి పెద్ద కుక్కర్‌లా ఉంటుంది కానీ, ఇంటి కుక్కర్ దీనికి బదులు కాదు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం కనీసం నాలుగు క్వార్ట్ సీసాలు నిలబడి పట్టేదే క్యానర్. క్వార్ట్ అంటే లీటరుకు కొంచెం తక్కువ, దాదాపు 950 మిల్లీలీటర్లు. చిన్న కుక్కర్ త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది. క్యానింగ్ పట్టికల్లో చెప్పిన సమయం పెద్ద పాత్ర నెమ్మదిగా వేడెక్కి, నెమ్మదిగా చల్లారుతుందన్న లెక్కతో కట్టింది. ఆ ఎక్కే వేడి, దిగే వేడి కూడా సిద్ధబీజాలను చంపే పనిలో భాగమే. చిన్న కుక్కర్‌లో ఆ భాగం తగ్గిపోతుంది. విజిళ్లు లెక్కపెట్టి దాన్ని పూడ్చుకోవడం కుదరదు. బటన్ నొక్కితే పనిచేసే ఎలక్ట్రిక్ కుక్కర్లకూ ఈ పట్టికలు వర్తించవు.

క్యానర్లు రెండు రకాలు. ఒకదానికి గడియారంలాంటి ముల్లు ఉన్న గేజీ ఉంటుంది. ఆ ముల్లు పీడనాన్ని పౌండ్లలో చూపిస్తుంది. రెండోదానికి కుక్కర్ వెయిట్‌లాంటి బరువు ఉంటుంది. అది 5, 10, 15 పౌండ్ల అంచెల్లో పనిచేస్తుంది. ముల్లు గేజీ వాడేకొద్దీ తప్పు చూపించవచ్చు. అందుకని ఏటా ఒకసారి పరీక్ష చేయించాలి. అసలు పీడనానికీ అది చూపే అంకెకూ తేడా 2 పౌండ్లు దాటితే గేజీ మార్చేయాలి. మూత చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ పగుళ్లు లేకుండా, మెత్తగా ఉండాలి. ఆవిరి పోయే గొట్టంలోంచి వెలుతురు కనిపించాలి.

రెండోది సీసాలు. క్యానింగ్ కోసమే తయారైన మందపాటి గాజు సీసాలే వాడాలి. జామ్ వచ్చిన సీసాలు, కాఫీపొడి సీసాలు ఈ వేడికి, పీడనానికి పగిలిపోవచ్చు. సీసా అంచును వేలితో తడిమి చూసి, పెచ్చు లేచినది పక్కన పెట్టాలి. మూతలో రెండు భాగాలుంటాయి. ఒకటి పలచని రేకు బిళ్ల. దాని అంచుకు అడుగున మెత్తని పూత ఉంటుంది. రెండోది ఆ బిళ్లను పట్టి ఉంచే మరల చుట్టు. చుట్టును మళ్లీ మళ్లీ వాడవచ్చు. బిళ్ల మాత్రం ఒక్కసారికే. ఒకసారి నొక్కుకుపోయిన పూత రెండోసారి సరిగా అతుక్కుంటుందన్న నమ్మకం లేదు.

ఇప్పుడు పక్షి విషయం. ఆరోగ్యంగా ఉన్న పక్షినే ఎంచుకోవాలి. ఇంట్లో కోసినదైతే శుభ్రం చేశాక 6 నుంచి 12 గంటలు చల్లగా ఉంచి, ఆ తర్వాతే సీసాకు ఎక్కించాలి. గడ్డకట్టిన టర్కీని కొంటే దాన్ని ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి. ప్రతి రెండు కిలోల బరువుకూ సుమారు ఒక రోజు పడుతుంది. ఏడు కిలోల పక్షికి మూడు నాలుగు రోజుల ముందే పని మొదలుపెట్టాలన్నమాట. వంటగట్టు మీద పెట్టి కరిగిస్తే లోపల గడ్డ కరిగేలోగా పైమాంసం పాడవడం మొదలవుతుంది. పచ్చి టర్కీని కొళాయి కింద కడగడం కూడా మంచిది కాదు. చిందే నీళ్లతో క్రిములు సింకంతా, పక్కనున్న గిన్నెలంతా అంటుకుంటాయి. వాటిని చంపేది వేడే గానీ, కడగడం కాదు.

పక్షిని రొమ్ము, తొడలు, కాళ్లు, రెక్కలుగా విడదీయాలి. చర్మం కింద, తోక దగ్గర ఉండే కొవ్వును వీలైనంత తీసేయాలి. కొవ్వు ఎక్కువైతే రెండు నష్టాలు. కాగేటప్పుడు పైకి తేలి సీసా అంచుకు అంటి, మూతను అతుక్కోనివ్వదు. నిల్వలో ముక్కవాసన కూడా పట్టిస్తుంది. మాంసాన్ని సీసా మూతిలో పట్టే ముక్కలుగా కోసుకోవాలి. ఎముకతో పెట్టినా, ఎముక తీసి పెట్టినా ఫరవాలేదు. అయితే రెండింటికీ సమయం వేరు.

సీసా నింపే పద్ధతులు రెండు. మొదటిది వేడి పద్ధతి. ముక్కలను నీళ్లలో ఉడికించి గానీ, ఆవిరి మీద గానీ, ఓవెన్‌లో గానీ మూడింట రెండు వంతులు మాత్రమే ఉడకనివ్వాలి. మిగిలిన వంతు క్యానర్‌లో ఉడుకుతుంది. వేడి సీసాల్లో వేడి ముక్కలు నింపి, పైన మరిగే రసం పోయాలి. సీసా అంచు నుంచి కిందికి ఒకటిం పావు అంగుళం ఖాళీ వదలాలి. అంటే మూడు సెంటీమీటర్ల పైచిలుకు. క్వార్ట్ సీసాకు ఒక టీ చెంచా ఉప్పు, కావాలనుకుంటే.

రెండోది పచ్చి పద్ధతి. పచ్చి ముక్కలనే వేడి సీసాల్లో వదులుగా నింపి, అదే ఒకటిం పావు అంగుళం ఖాళీ వదిలి మూత పెట్టాలి. ఇందులో నీళ్లు పోయకూడదు. మాంసం తన రసం తానే వదులుకుంటుంది. పని తక్కువే కానీ, టర్కీ వదిలే రసం సాధారణంగా ముక్కలను పూర్తిగా ముంచదు. రసం పైన మిగిలిన ముక్కలు నిల్వలో రంగు మారతాయి, ఎండినట్టవుతాయి. అందుకే వేడి పద్ధతికే మొగ్గు ఎక్కువ.

ఆ కాస్త ఖాళీ ఎందుకన్నది తెలుసుకోదగిన విషయం. కాగేటప్పుడు మాంసం, రసం ఉబ్బుతాయి. ఖాళీ చాలకపోతే రసం పొంగి, మూత కిందినుంచి బయటికి వచ్చి, అంచున జిడ్డు మిగులుతుంది. ఖాళీ ఎక్కువైతే సీసాలోని గాలి మొత్తం బయటికి పోదు, మూత గట్టిగా అతుక్కోదు. నింపాక సన్నని ప్లాస్టిక్ గరిటెను సీసా పక్కలనుంచి దించి గాలి బుడగలు తీసేయాలి. రసం దిగితే మళ్లీ పోసి ఖాళీ సరిచేయాలి. తడిబట్టతోనో తడి కాగితంతోనో అంచును జిడ్డు లేకుండా తుడవాలి. బిళ్ల పెట్టి, చుట్టును వేళ్ల బిగువున మాత్రమే తిప్పాలి. బలమంతా పెట్టి బిగిస్తే గాలి బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

ఇక క్యానర్ పొయ్యి మీదికి. అడుగున జల్లెడ పళ్లెం పెట్టి, రెండు మూడు అంగుళాల వేడి నీళ్లు పోయాలి. సీసాలు నీళ్లలో మునగాల్సిన పనిలేదు. ఇక్కడ పనిచేసేది ఆవిరి. సీసాలను నిటారుగా సర్ది, మూత బిగించి, బరువు పెట్టకుండా మంట పెంచాలి. ఆవిరి గొట్టంలోంచి ధారగా వస్తుంది. అది రావడం మొదలైన దగ్గరనుంచి పూర్తిగా పది నిమిషాలు వదిలేయాలి. ఈ పది నిమిషాలను చాలామంది దండగ అనుకుంటారు. క్యానర్‌లో గాలి మిగిలిపోతే, గేజీ సరైన పీడనం చూపుతున్నా లోపలి వేడి తక్కువగా ఉంటుంది. గాలీ ఆవిరీ కలిసిన మిశ్రమం ఒట్టి ఆవిరంత వేడిగా ఉండదు. పది నిమిషాలయ్యాక బరువు పెట్టాలి. పీడనం కోరిన అంకెకు చేరాకనే గడియారం చూసి లెక్క మొదలుపెట్టాలి.

రాసుకోదగిన అంకెలు ఇవి. ముందుగా మాంసం. ఎముక తీసిన ముక్కలైతే పింట్ సీసాకు 75 నిమిషాలు, క్వార్ట్ సీసాకు 90 నిమిషాలు. పింట్ అంటే క్వార్ట్‌లో సగం. ఎముకతో ఉన్న ముక్కలైతే పింట్‌కు 65 నిమిషాలు, క్వార్ట్‌కు 75 నిమిషాలు. ఎముక తీసినవాటికే ఎక్కువసేపు కావడం వింతగా తోచవచ్చు. ఎముక లేని మాంసం సీసాలో సందు లేకుండా దట్టంగా సర్దుకుంటుందని గుర్తుంచుకుంటే అంకెలు తారుమారు కావు. వేడి పద్ధతికీ, పచ్చి పద్ధతికీ సమయం ఒకటే.

తర్వాత పీడనం. బరువు ఉన్న క్యానర్‌కు, ఊరు సముద్రమట్టానికి 1,000 అడుగుల లోపు ఉంటే 10 పౌండ్లు, అంతకు పైన ఉంటే 15 పౌండ్లు. ముల్లు గేజీ ఉన్న క్యానర్‌కు 2,000 అడుగుల వరకు 11 పౌండ్లు. 4,000 వరకు 12. 6,000 వరకు 13. 8,000 వరకు 14 పౌండ్లు. ఎత్తు పెరిగితే పెంచేది పీడనం, సమయం కాదు. ఈ లెక్కన డెన్వర్‌లో ముల్లు గేజీ 13 పౌండ్లు చూపాలి. సముద్రానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో ఎవరైనా బరువు క్యానర్ వాడితే 15 పౌండ్ల బరువు పెట్టాలి. విశాఖపట్నం తీరాన ఉన్న ఇంటికి 10 చాలు.

మధ్యలో ఒక్క నిమిషమైనా పీడనం కోరిన అంకె కిందికి దిగితే, మళ్లీ ఆ అంకెకు తెచ్చి మొదటినుంచి లెక్కపెట్టాలి. 80 నిమిషాలు గడిచాక దిగినా సరే, మొత్తం 90 నిమిషాలు మళ్లీ కావలసిందే. అందుకే మంటను నిలకడగా పట్టుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా ఓపిక కోరే భాగం. పీడనం మాటిమాటికీ పెరిగి తరిగితే సీసాల్లోని రసం కూడా బయటికి లాక్కుపోతుంది.

సమయం పూర్తయ్యాక పొయ్యి ఆపి వదిలేయాలి. చన్నీళ్లు పోయడం, బరువు ఎత్తి ఆవిరి వదలడం, రెండూ చేయకూడదు. పప్పు కుక్కర్ దగ్గర అలవాటైన ఈ తొందర ఇక్కడ సీసాలను పగలగొట్టవచ్చు, మూతలను లేపవచ్చు. లోపలి మాంసం ఉడకాల్సినంత ఉడకకుండా ఆగిపోతుంది కూడా. పీడనం సున్నాకు దిగడానికి అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. సున్నా అయ్యాక బరువు తీసి, ఇంకో పది నిమిషాలు ఆగి, మూతను ముఖానికి అవతలి వైపు తెరుచుకునేలా ఎత్తాలి. సీసాలను పట్టకారుతో తీసి, గుడ్డ పరిచిన బల్ల మీద ఎడంగా పెట్టాలి. 12 నుంచి 24 గంటల పాటు వాటిని కదిలించకూడదు. చుట్లను మళ్లీ బిగించకూడదు.

ఇక ఎముకల రసం. టర్కీలో మాంసం ఎంత ఉపయోగమో, ఎముకల గూడు అంత ఉపయోగం. మాంసం చాలావరకు ఒలిచేసిన ఎముకలను పెద్ద గిన్నెలో వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, సన్నని మంట మీద 30 నుంచి 45 నిమిషాలు కాగనివ్వాలి. ఎముకకు అంటుకున్న మాంసం సులువుగా ఊడివచ్చే దశకు అది సిద్ధమైనట్టు. ఎముకలను తీసేసి, రసాన్ని చల్లార్చితే కొవ్వు పైన పేరుకుంటుంది. దాన్ని తీసి పారేయాలి. ఎముకల నుంచి ఊడిన మాంసపు పీచులను కావాలంటే రసంలోనే కలపవచ్చు. రసాన్ని మళ్లీ మరిగించి, వేడి సీసాల్లో ఒక అంగుళం ఖాళీ వదిలి నింపాలి. మాంసానికి ఒకటిం పావు, రసానికి ఒకటి. ఈ తేడా గుర్తుంచుకోవాలి. సమయం పింట్‌కు 20 నిమిషాలు, క్వార్ట్‌కు 25 నిమిషాలు. పీడనం మాత్రం మాంసానికి చెప్పిందే. పలచని రసంలో వేడి గబగబా పాకుతుంది కనుకనే సమయం ఇంత తక్కువ. ముక్కలు నిండిన సీసాకు ఈ 25 నిమిషాలు వాడితే ప్రమాదం.

వేడి పాకే వేగమే సీసాలో ఏం వేయకూడదో కూడా చెబుతుంది. మైదాపిండి, మొక్కజొన్న పిండి, అన్నం, నూడుల్స్, పాలు, వెన్న, ఇవేవీ కలపకూడదు. ఇవి రసాన్ని చిక్కబరిచి, వేడిని నడిమధ్యకు చేరనివ్వవు. థాంక్స్‌గివింగ్ బల్ల మీద మిగిలిన పిండి కలిపిన గ్రేవీ, రొట్టెముక్కల స్టఫింగ్ క్యానింగ్‌కు పనికిరావు. వాటి చోటు ఫ్రీజరే. నూనె తేలే మసాలా కూరను సీసాకు ఎక్కించడమూ ఇలాంటిదే. దానికి పరీక్షించిన సమయం ఏ పట్టికలోనూ లేదు. మాంసాన్ని ఉప్పుతో మాత్రమే నిల్వచేసి, అల్లం వెల్లుల్లి, గరం మసాలా, కొత్తిమీర తెరిచిన రోజున వేసుకోవడమే సరైన పద్ధతి. పండుగనాడు పూర్తిగా కాల్చిన టర్కీ మాంసం క్యానర్‌లో మరో గంటన్నర ఉడికేసరికి పీచుపీచుగా, పొడిగా తయారవుతుంది. దాన్ని ఫ్రీజర్‌కు పంపి, ఎముకల గూటితో రసం కాచి సీసాలకు ఎక్కించడం లాభం.

మర్నాడు సీసాలు చల్లారాక మూతలను పరీక్షించాలి. బిళ్ల మధ్యభాగం లోపలికి గుంటపడి ఉండాలి. వేలితో నొక్కితే టక్కుమని పైకి లేవకూడదు. చుట్టు తీసేసి, బిళ్ల అంచు పట్టి మెల్లగా ఎత్తి చూస్తే ఊడిరాకూడదు. అతుక్కోని సీసాను వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తినేయాలి. లేదా 24 గంటల్లోగా కొత్త బిళ్లతో మొత్తం సమయం మళ్లీ కాయాలి. అతుక్కున్న సీసాల చుట్లు తీసేసి, పైజిడ్డు కడిగి, తేదీ రాసిన చీటీ అంటించి, వెలుతురు తగలని చల్లని చోట పెట్టాలి. 10 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే గది మంచిది. ఏడాదిలోగా వాడుకోవాలి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊళ్లలో, ఏసీ లేని గదిలో ఈ నిల్వ పెట్టుకోవడం తగదు.

తెరిచేటప్పుడు మరో జాగ్రత్త. మూత ఉబ్బి ఉన్నా, పక్కనుంచి కారిన మరక ఉన్నా, తెరవగానే రసం చిమ్మినా, వాసన తేడాగా ఉన్నా నాలుక మీద చుక్క కూడా వేసుకోకూడదు. పిల్లలకూ పశువులకూ అందకుండా సంచిలో గట్టిగా కట్టి పారేయాలి. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. బొట్యులినం విషం ఉన్న సీసా చూపుకూ, వాసనకూ మంచిదిగానే ఉండవచ్చు. అందుకే ఇంట్లో నిల్వచేసిన మాంసాన్ని, రసాన్ని రుచి చూసేముందే పది నిమిషాలు మరిగించడం మంచి అలవాటు. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ ఒక నిమిషం కలుపుకోవాలి. సిద్ధబీజాలు మరుగుకు చావకపోయినా, అవి వదిలిన విషం మరుగుకు విరిగిపోతుంది. ఈ మరిగింపు అదనపు రక్ష మాత్రమే. తప్పు సమయంతో కాచిన సీసాకు ఇది ప్రాయశ్చిత్తం కాదు.

ఈ జాగ్రత్తలు ఎందుకో 2015 ఏప్రిల్‌లో ఒహాయో రాష్ట్రంలోని లాంకాస్టర్ పట్టణంలో తెలిసింది. అక్కడ ఒక చర్చిలో అందరూ తలా ఒక వంటకం తెచ్చిన విందు జరిగింది. 29 మందికి బొట్యులిజం, అంటే బొట్యులినం విషంతో వచ్చే జబ్బు, సోకింది, ఒకరు చనిపోయారు. కారణం బంగాళాదుంపల సలాడ్. ఇంట్లో సీసాల్లో నిల్వచేసిన దుంపలను అందులో వాడారు. ఆ సీసాలను ప్రెషర్ క్యానర్‌లో కాకుండా మరిగే నీళ్లలో కాచారు. దుంపలైనా టర్కీ అయినా పులుపు లేని ఆహారమే కాబట్టి పొంచి ఉండే ప్రమాదం ఒకటే. ఈ జబ్బు లక్షణాలు సాధారణంగా 12 నుంచి 36 గంటల్లో మొదలవుతాయి, కొన్ని రోజులు ఆలస్యం కూడా కావచ్చు. చూపు రెండుగా కనిపించడం, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, తర్వాత కండరాల బలం తగ్గడం. ఊపిరి కండరాల దాకా పోతే ప్రాణాపాయం. విరుగుడు మందు ఉంది. అది ఎంత త్వరగా అందితే అంత మంచిది. కాబట్టి ఈ లక్షణాలు కనిపిస్తే ఇంటి వైద్యం పెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సరిగా చేసిన సీసా ఇచ్చే సుఖం తక్కువేమీ కాదు. పని నుంచి ఆలస్యంగా ఇంటికి చేరిన రోజున ఉడికిన మాంసం చేతికి సిద్ధంగా ఉంటుంది. తాలింపు వేసి అల్లం వెల్లుల్లి ముద్ద వేయించి కలిపితే అరగంటలో కూర. ఎముకల రసంలో మిరియాలు, జీలకర్ర వేసి మరిగిస్తే జలుబు చేసినవారికి వేడి చారు. పులావుకు నీళ్ల బదులు అదే రసం. కరెంటు పోయినా, మంచు కురిసి దారులు మూసుకుపోయినా అలమరలోని సీసాకు ఏమీ కాదు.

ఈ అంకెలన్నీ అమెరికా వ్యవసాయ శాఖ గృహ క్యానింగ్ గైడులో, జార్జియా విశ్వవిద్యాలయంలోని జాతీయ గృహ ఆహార నిల్వ కేంద్రం పట్టికల్లో ఉన్నవే. ప్రయోగశాలలో సీసా నడుమ వేడిని కొలిచి కట్టినవి కాబట్టి, ఇంటి సౌకర్యాన్ని బట్టి వాటిని తగ్గించుకునే వీలు లేదు. ఆవకాయకు చేతి అంచనా చాలు. టర్కీ సీసాకు గడియారం, గేజీ, ఊరి ఎత్తు, ఈ మూడూ కావాలి. మూడింటిలో ఒక్కటి లోపించినా ఆ మాంసానికి తగిన చోటు ఫ్రీజరే.